ఎత్తు ఎవరిది? — రేడియో స్తంభాలు, కొండ శిఖరాలు, శ్రోతలు

1

రేడియోకీ సాహిత్యానికీ ఉన్న సంబంధాన్ని గురించి మనవాళ్లు తక్కువ రాయలేదు. కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, దాశరథి వంటి వారు ఆకాశవాణిలో పనిచేసిన సంగతీ, రేడియో నాటిక ఒక ప్రక్రియగా నిలదొక్కుకున్న సంగతీ, లలితగీతం ఇంటింటికీ చేరిన సంగతీ విద్యార్థులకు కూడా తెలిసినవే. ఐతే ఈ రచనలన్నింటిలోనూ రేడియో అంటే స్టూడియో. మైకు ముందు ఎవరు కూర్చున్నారు, ఎవరిని కూర్చోనివ్వలేదు, ఏం చదివారు, ఏ వాక్యం కొట్టేశారు అన్నవే ప్రశ్నలు. మైకు దగ్గర మొదలైన చర్చ మైకు దగ్గరే ఆగిపోతోంది.

మైకులో పడిన మాట అక్కణ్ణించి ఎక్కడికి పోతుంది? ఏ స్తంభం ఎక్కుతుంది? ఆ స్తంభాన్ని ఎవరు, ఏ నేల మీద, ఏ లెక్క చూసుకుని నిలబెట్టారు? ఆ చోటినుంచి ఏ ఊళ్లకు మాట అందుతుంది, ఏ ఊళ్లకు అందదు? ఈ ప్రశ్నలు మనం వేసుకోవడం లేదు.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకని అనేవారుంటారు. పుస్తకం విషయంలో మనం అలా అనలేదు. అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంది, కాగితం ధర ఎంత, పత్రిక ఏ బస్సులో ఏ ఊరు చేరుతుంది అన్నవి సాహిత్య చరిత్రలో భాగమేనని ఎప్పుడో ఒప్పుకున్నాం. ఉత్పత్తి సాధనాలను పక్కనబెట్టి రచనను మాత్రమే పరిశీలించడం భావవాదమని వాదించినవాళ్లం మనమే. ఆ వాదన అచ్చుకు వర్తించి రేడియోకు వర్తించకపోవడం న్యాయం కాదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయం. రేడియో స్తంభానికి కొండను ఎంచుకోవడం సాంకేతిక నిర్ణయమే, కాని కేవలం సాంకేతిక నిర్ణయం కాదు. ప్రకృతి నియమం కొన్ని కొండలను మాత్రమే చూపిస్తుంది. వాటిలో ఏ కొండను ఎక్కాలో, ఎంత ఎత్తుదాకా ఎక్కనివ్వాలో, అక్కణ్ణించి ఎంత గట్టిగా మాట్లాడనివ్వాలో తేల్చేవి మాత్రం ఆస్తి సంబంధాలూ రాజ్యమూ. దీన్ని అమెరికా, జర్మనీ, క్యూబా, ఎల్ సాల్వడోర్ దేశాల చరిత్రలోంచి చూపించి, చివర మన నేలకు వస్తాను.

2

ముందు ప్రకృతి నియమం సంగతి. ఇది తెలియకుండా రాజకీయం మాట్లాడితే గాలిలో మాట్లాడినట్టే అవుతుంది.

అన్ని రేడియో స్తంభాలూ కొండ కోరవు. మనం చిన్నప్పటినుంచీ విన్న మీడియం వేవ్ ప్రసారాలకు కొండతో పనిలేదు. ఆ అలలు వందల మీటర్ల పొడవు గలవి. పగటిపూట నేలను అంటిపెట్టుకుని ప్రయాణం చేస్తాయి. తడి నేల, ఉప్పునేల, చిత్తడి నేల వాటికి మంచి దారి. ఎండిన బండరాయి చెడ్డ దారి. అందుచేత మీడియం వేవ్ స్తంభాలను సాధారణంగా ఊరి బయట పల్లపు పొలాల్లో, నదుల పక్కన, సముద్ర తీరాన పాతుతారు. అక్కడ స్తంభమంతా కలిసి ఒక యాంటెన్నా. దాని కింద భూమిలో రాగితీగలు చక్రం ఆకుల్లాగా పరిచి ఉంటాయి. షార్ట్‌వేవ్ సంగతి వేరు. అది ఆకాశంలోని అయానుపొరను తాకి వంగి వేల మైళ్ల అవతల దిగుతుంది. దానికీ కొండ తప్పనిసరి కాదు.

కొండ కోరేవి కొద్ది మీటర్ల పొడవు గల పొట్టి అలలు. ఎఫ్.ఎం. రేడియో, టెలివిజన్ ఈ జాతివి. ఇవి దాదాపు వెలుతురులాగా తిన్నగా పోతాయి. భూమి గుండ్రం గనుక కొంతదూరం పోయాక నేల కిందికి వంగిపోతుంది, అల పైనుంచి సాగిపోతుంది. స్తంభం ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ స్తంభపు రేడియో దిఙ్మండలం కిలోమీటర్లలో వస్తుంది. 100 మీటర్ల స్తంభానికి 41 కిలోమీటర్లు. 400 మీటర్లకు 82. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలన్నమాట. ఆ గీత దాటగానే మాట ఠక్కున ఆగిపోదు, క్రమంగా క్షీణిస్తుంది. ఐనా ప్రసారకర్తకు అదే అసలు సరిహద్దు.

400 మీటర్ల ఉక్కు స్తంభం కట్టాలంటే తలకు మించిన ఖర్చు. కొండ ఆ ఎత్తును ఉచితంగా ఇస్తుంది. ఐతే కొండ ఇచ్చేదానికి వేరే ధర ఉంది. పైకి రోడ్డు వెయ్యాలి, కరెంటు తీసుకుపోవాలి, పిడుగుకూ గాలికీ మంచుకూ కాచుకోవాలి, అక్కడ కాపలా ఉండే మనుషులకు తిండీ నీళ్లూ చేరవెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్లో ఉన్న స్టూడియోనుంచి కార్యక్రమాన్ని కొండమీదికి చేర్చాలి. ఇక కొండకు ముందు వైపు ఎంత వెలుగో వెనక వైపు అంత నీడ. పక్కకొండ అడ్డుపడితే దాని వెనకున్న లోయకు మాట అందదు. దీపం కింద చీకటి అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

కాబట్టి ఇంజనీరు ఒక కొండను ఎంచుకున్నాడంటే, ఆ క్షణంలోనే వినేవాళ్ల జాబితాను, విననివాళ్ల జాబితాను కూడా రాసినట్టే. ఆ జాబితా మీద పేర్లుండవు, అంచేత రాజకీయంగా కనపడదు.

3

ఎఫ్.ఎం. పద్ధతికి పునాది వేసినవాడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. అల ఎత్తును కాక దాని పౌనఃపున్యాన్ని మార్చుతూ మాటను పంపితే పిడుగుల గరగర వినపడదని చూపించాడు. 1933 డిసెంబరులో ఆయనకు పేటెంట్లు వచ్చాయి. 1934లో న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఆర్.సి.ఎ. కంపెనీ ఆయనను ప్రయోగాలు చేసుకోనిచ్చింది. 1935లో, టెలివిజన్ పనులకు ఆ చోటు కావాలని, సామాను తీసేయమంది. ఆ నగరంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఒక కంపెనీ అదుపులో ఉంది. ఆ కంపెనీకి అప్పటికే వందల రేడియో స్టేషన్ల, లక్షల రేడియో సెట్ల పాత పద్ధతిలో పెట్టుబడి చిక్కుకుని ఉంది. కొత్త పద్ధతికి ఎత్తు ఇవ్వకపోవడమే దాన్ని ఆపే సులువైన దారి.

ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత డబ్బుతో వేరే ఎత్తు వెతుక్కున్నాడు. న్యూయార్కుకు ఎదురుగా హడ్సన్ నది పడమటి ఒడ్డున నిట్రాతి గోడలాంటి కొండచరియ ఉంది. దానిమీద ఆల్పైన్ అనే ఊళ్లో 400 అడుగులు దాటిన స్తంభం కట్టించాడు. 1938లో అది పలకడం మొదలుపెట్టింది.

రెండో అడుగు వేసినవాడు జాన్ షెపర్డ్. ఇతను విప్లవకారుడు కాదు, బోస్టను నగరంలో పెద్ద దుకాణాల కుటుంబం వాడు, యాంకీ నెట్‌వర్క్ అనే ప్రాంతీయ రేడియో సంస్థ యజమాని. ఇతను 1939లో మాసచూసెట్స్ రాష్ట్రంలో పాక్స్‌టన్ దగ్గర ఆస్నెబమ్‌స్కిట్ అనే కొండమీద ఎఫ్.ఎం. స్టేషను పెట్టాడు. 1940 చివరకు న్యూహాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం ఎక్కాడు. ఆ శిఖరం ఎత్తు 6,288 అడుగులు. అక్కడి వాతావరణ పరిశీలన కేంద్రంలో 1934 ఏప్రిల్ 12న గంటకు 231 మైళ్ల గాలిని కొలిచారు. అలాంటి చోట స్తంభం నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. ఐనా ఎక్కాడంటే ఎందుకెక్కాడో చూడాలి.

సముద్రమట్టం నుంచి లెక్కవేస్తే ఆ శిఖరపు రేడియో దిఙ్మండలం సుమారు 180 కిలోమీటర్లు. ఒక్క స్తంభం మూడు నాలుగు రాష్ట్రాల పల్లెల్ని చూస్తుంది. ఐతే ఇంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. ఆ కాలంలో నెట్‌వర్కు అంటే టెలిఫోను తీగ. ఒక నగరంలో పాడిన పాట మరో నగరపు స్టేషనుకు చేరాలంటే ఎ.టి. అండ్ టి. అనే గుత్త టెలిఫోను కంపెనీ తీగను అద్దెకు తీసుకోవలసిందే. కొండమీది ఎఫ్.ఎం. స్టేషను ఆ అవసరాన్ని తీసేసింది. బోస్టనులో మొదలైన కార్యక్రమం గాలిలోనే పాక్స్‌టన్ కొండకు చేరుతుంది. పాక్స్‌టన్ మాటను మౌంట్ వాషింగ్టన్ గాలిలోంచే పట్టుకుని మళ్లీ చాటుతుంది. కొండ కొండను పిలుస్తుంది, తీగ అక్కర్లేదు. పైగా టెలిఫోను తీగలో నలిగిపోయే స్వరాల సున్నితత్వం ఈ దారిలో నలగదు. దక్షిణాన నార్త్ కెరొలైనాలో కూడా ఒక పత్రికాధిపతి 1942లో మౌంట్ మిచెల్ పక్కనున్న క్లింగ్‌మన్ శిఖరం మీద ఇలాంటి స్టేషనే పెట్టాడు.

ఇక్కడ మనం తొందరపడి షెపర్డ్‌ను ప్రజల మనిషిని చెయ్యకూడదు. ఇది పెట్టుబడికీ శ్రమకూ మధ్య పోరాటం కాదు. ప్రాంతీయ పెట్టుబడికీ గుత్త పెట్టుబడికీ మధ్య పోరాటం. ఐతే ఆ పోరాటంలో ఒక సాధ్యత బయటపడింది. కొన్ని కొండలు ఎక్కితే, తీగల యజమానికి కప్పం కట్టకుండా, పల్లె పల్లెకూ మంచి ధ్వని అందించవచ్చునన్న సాధ్యత అది. ఆ సాధ్యత ఏమైంది?

1945 జూన్‌లో అమెరికా సమాచార ప్రసార కమిషన్ ఎఫ్.ఎం.ను 42-50 మెగాహెర్ట్జ్ నుంచి 88-106 మెగాహెర్ట్జ్‌కు మార్చింది. దాన్నే తర్వాత 108 దాకా పొడిగించారు. సూర్యుని మచ్చలు పెరిగే ఏళ్లలో పాత అలలకు దూరప్రాంతాల స్టేషన్లు అడ్డుతగులుతాయని చెప్పిన కారణం. ఆ కారణంలో సాంకేతికాంశం ఏమీ లేదని నేననను. కాని ఎఫ్.ఎం.కు పనికిరావన్న ఆ అలల్లోనే 44 నుంచి 50 వరకు టెలివిజన్‌కు ఇచ్చారు. పనికిరానిది ఒకరికే పనికిరాకుండా ఎలా పోతుంది? ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షం అడిగిన ప్రశ్న ఇదే. జనం కొనుక్కున్న లక్షలాది ఎఫ్.ఎం. సెట్లు ఆ నిర్ణయంతో క్రమంగా మూగ పెట్టెలైనాయి.

అలల మార్పును గురించి అందరూ చెబుతారు. దాని పక్కనే జరిగిన రెండో నిర్ణయాన్ని అంతగా చెప్పరు. సి.బి.ఎస్. సంస్థ ఒక ప్రతిపాదన తెచ్చింది: ఒక్కొక్క ఎఫ్.ఎం. స్టేషను ఒక్కొక్క నగర మార్కెట్టుకే పరిమితం కావాలని. విన్నప్పుడు ఎంత ప్రజాస్వామికంగా ఉంది! అందరికీ సమానంగా ఒక్కొక్క ఊరు! కమిషన్ దాన్ని చాలావరకు ఒప్పుకుంది. ఈశాన్య రాష్ట్రాల్లో మామూలు నగర స్టేషనుకు 20 కిలోవాట్ల శక్తి, చుట్టుపక్కల నేల సగటు మట్టానికి 500 అడుగుల ఎత్తు అన్న కొలబద్ద పెట్టింది. అంతకన్నా ఎత్తు ఎక్కితే ఆ మేరకు గొంతు తగ్గించుకోవాలి. 500 అడుగులంటే 152 మీటర్లు; దిఙ్మండలం సుమారు 51 కిలోమీటర్లు. 180 కిలోమీటర్ల చూపున్న కొండ ఎక్కినవాణ్ణి 51 కిలోమీటర్ల చూపుకు దించారన్నమాట. కొండకు కొండ పిలిచే దారి తెగింది. నగరానికీ నగరానికీ మధ్య మళ్లీ తీగే గతి అయింది. మౌంట్ వాషింగ్టన్ ఎఫ్.ఎం. స్టేషను 1948లో మూగబోయింది. పేటెంటు దావాల్లో ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న ఆర్మ్‌స్ట్రాంగ్ 1954 జనవరి 31 రాత్రి తన ఇంటి కిటికీలోంచి దూకి చనిపోయాడు. ఆయన భార్య మేరియన్ ఆ దావాలను వదలకుండా నడిపి గెలిచింది. చివరిది 1967లో తేలింది.

ఎవరి మీదా నిషేధం లేదు. ఎవరి నోరూ ఎవరూ నొక్కలేదు. ఎత్తు ఇంత, శక్తి ఇంత అని రెండు అంకెలు వేశారు, అంతే. సెన్సారు ఎర్రసిరా గీతను మనం పట్టుకోగలం. ఇలాంటి అంకెను పట్టుకోవడం మనకింకా అలవాటు కాలేదు.

4

రెండో కథ జర్మనీది. ఇది మనకు కొంచెం ఇబ్బంది కలిగించే కథ. అందుకే చెప్పాలి.

యుద్ధంలో ఓడిపోయిన జర్మనీకి 1948 కోపెన్‌హేగన్ ఒప్పందం మీడియం వేవ్ పౌనఃపున్యాలను చాలా తక్కువగా కేటాయించింది. ఆ ఒప్పందం 1950 మార్చి 15న అమలులోకి వచ్చింది. పాత దారి మూసుకుపోయింది గనుక పశ్చిమ జర్మనీ ఇంజనీర్లు కొత్త దారి పట్టారు. 1949 ఫిబ్రవరి ఆఖరున మ్యూనిక్‌లో ఎఫ్.ఎం. ప్రసారం మొదలైంది, మర్నాడు హనోవర్‌లో. తర్వాత కొండ కొండా ఎక్కారు. ఆల్ప్స్ అంచున వెండెల్‌స్టైన్, ఫిక్టెల్ పర్వతాల్లో 1,024 మీటర్ల ఓక్సెన్‌కోఫ్ అలా ఎక్కినవే. అమెరికాలో గెలిచినవాళ్లకు అక్కర్లేకపోయిన ఎత్తు, ఇక్కడ ఓడినవాళ్లకు తప్పనిసరి అయింది. సాధనం తనంతట తాను ముందుకు పోదనీ, చారిత్రక అవసరం తోస్తేనే కదులుతుందనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఓక్సెన్‌కోఫ్ అంటే ఎద్దు తల. ఆ కొండ బవేరియాలో ఉన్నా సరిహద్దుకు చాలా దగ్గర. దాని మాట, తర్వాత దాని టెలివిజన్ బొమ్మ, తూర్పు జర్మనీ దక్షిణ జిల్లాల్లోకి నేరుగా పోయేవి. అక్కడి జనం ఇళ్లకప్పుల మీద పెట్టుకున్న ఏరియల్‌ను ఓక్సెన్‌కోఫ్ ఏరియల్ అనే పిలుచుకునేవారు. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ మొదలైంది. ఆ శరదృతువులో అధికార పార్టీ యువజన సంఘం కార్యకర్తలు ఎద్దుతల పేరుతోనే ఒక ఉద్యమం నడిపారు. ఇళ్లకప్పులెక్కి పడమటికి తిరిగి ఉన్న ఏరియళ్లను తూర్పుకు తిప్పారు, విరగ్గొట్టారు.

పడమటి ప్రసారాల్లో ప్రచారం లేదని కాదు, దండిగా ఉంది. కాని కార్మికవర్గం పేరుతో ఏర్పడిన రాజ్యం, కార్మికుడు తన ఇంటికప్పు మీద తీగను ఏ దిక్కుకు తిప్పుకోవాలో చెప్పడానికి నిచ్చెన వేసుకుని వచ్చిందంటే, అది శత్రువు కొండ ఎత్తును చూసి భయపడింది గాని తన మాట బలాన్ని నమ్ముకోలేదన్నమాట. ఆ పద్ధతి నిలవలేదు. 1973లో హోనెకర్ స్వయంగా, పడమటి ప్రసారాలను ఎవరైనా పెట్టుకోవచ్చు, కట్టేసుకోవచ్చునని ఒప్పుకోవలసి వచ్చింది.

ఐతే తూర్పు జర్మనీలో అందరికీ ఆ అవకాశం లేదు. డ్రెస్డెన్ నగరం ఎల్బా నది లోయలో ఉంది. పడమటి స్తంభాలకు దూరం, పైగా పల్లం. పడమటి టెలివిజన్ అక్కడికి అందేది కాదు. ఆ ప్రాంతాన్ని మిగిలిన జనం ఏమీ తెలియనివాళ్ల లోయ అని ఎగతాళి చేసేవారు. అక్కడివాళ్లకు ఎవరూ ఏ నిషేధమూ ప్రత్యేకంగా పెట్టలేదు. భూమి వంపే పెట్టింది. అదే దేశంలో 1,141 మీటర్ల బ్రోకెన్ శిఖరం ఉంది. 1961 ఆగస్టు నుంచి 1989 డిసెంబరు 3 దాకా దానిమీద సామాన్యుడి అడుగు పడనివ్వలేదు. అక్కడ ప్రసార స్తంభంతోబాటు సోవియట్ సైన్యమూ రహస్య పోలీసులూ పడమటి మాటలు వినే చెవులు పెట్టుకున్నారు. ఎత్తు చాటడానికే కాదు, పొంచి వినడానికీ పనికివస్తుంది. తాను వింటూ ఉండి ప్రజను విననివ్వని రాజ్యం ఏ పేరు పెట్టుకున్నా, దాన్ని ఆ విషయంలో సమర్థించే బాధ్యత అభ్యుదయ రచయితకు లేదు.

5

మూడో కథలో కొండకు వేరే అర్థం వస్తుంది.

1958 ఫిబ్రవరి 24న క్యూబాలోని సియెర్రా మాయెస్ట్రా పర్వతాల్లో, ఆల్టోస్ దె కొన్రాదో అనే చోట, చే గెవారా ఏర్పాటు చేసిన రేడియో రెబెల్దె పలికింది. తిరుగుబాటు రేడియో అని ఆ పేరుకు అర్థం. అది షార్ట్‌వేవ్ ప్రసారం. నేను ముందే చెప్పినట్టు షార్ట్‌వేవ్‌కు ఎత్తుతో పనిలేదు. మరి కొండ ఎందుకు? దాక్కోడానికి. ఇక్కడ శిఖరం ఎత్తు కాదు ముఖ్యం, మడతలు ముఖ్యం. మౌంట్ వాషింగ్టన్ ఇంజనీరు నీడను చూసి భయపడతాడు. గెరిల్లా ఆ నీడనే కోరుకుంటాడు.

మొదటి ప్రసారాన్ని విన్నవాళ్లు ఇద్దరేనని చే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఒకడు ఎదురుకొండమీద గుడిసెలో ఉన్న ఒక రైతు, రెండోవాడు ఆ శిబిరానికి వచ్చి ఉన్న ఫిడెల్ కాస్ట్రో. ఆ మాట ఆయన దాచిపెట్టకుండా రాయడం నాకు నచ్చింది. తర్వాత ఆ యంత్రాన్ని లా ప్లాటా దగ్గర ఫిడెల్ స్థావరానికి మార్చారు. వెనెజులా, కొలంబియా స్టేషన్లు దాని మాటను అందుకుని తిరిగి ప్రసారం చేశాయి. ఎదురుకొండ దాటని గొంతు ఖండం దాటింది. దాటించింది కొండ ఎత్తు కాదు, బాటిస్టా ప్రభుత్వపు వార్తల్ని జనం నమ్మడం మానేసిన స్థితి. యుద్ధంలో ఎంతమంది చచ్చారో, ఏ ఊరు పోయిందో, ఏ ఊరు వచ్చిందో నిజం చెప్పే ఒక్క గొంతు కావాలని జనం వెతుక్కున్నారు.

ఎల్ సాల్వడోర్‌లో 1981 జనవరి 10న రేడియో వెన్సెరెమోస్ మొదలైంది. మనం గెలుస్తాం అని అర్థం. మొరసాన్ కొండల్లో దాని మకాం. ఆ ఏడాది డిసెంబరులో ఎల్ మొసోతె అనే పల్లెలోనూ చుట్టుపక్కలా ప్రభుత్వ సైన్యం వందలాది జనాన్ని, పసిపిల్లలతో సహా, చంపింది. అమెరికా శిక్షణ పొందిన అట్లాకాట్ల్ దళం చేసిన పని అది. దాన్ని ముందుగా లోకానికి చాటింది ఈ కొండ రేడియోనే. అప్పటి రెండు ప్రభుత్వాలూ అది తిరుగుబాటుదార్ల ప్రచారమని కొట్టిపారేశాయి. యుద్ధం ముగిశాక 1992లో ఎముకలు తవ్వితీసినప్పుడు కొండ చెప్పిందే నిజమైంది.

ఆ దళానికి నాయకుడు డొమింగో మొంటెరోసా. ఆ రేడియోను పట్టుకోవడం అతనికి పంతం. 1984 అక్టోబరు 23న, దాని ట్రాన్స్‌మిటర్ చిక్కిందనుకుని హెలికాప్టర్‌లో వేసుకుని బయలుదేరాడు. అది గెరిల్లాలు మందుపాతర నింపి వదిలిన యంత్రం. హెలికాప్టర్ గాలిలోనే పేలిపోయింది. ఒక రేడియో కోసం సైన్యాధికారి ప్రాణం పణంగా పెట్టాడంటే, మాటకు ఎంత విలువ కట్టాడో అర్థమవుతుంది. ఆ మాట మనకెంత విలువైనదో మనకింకా లెక్క తేలలేదేమో.

ఈ మూడు కథల్ని పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. గుత్త పెట్టుబడి ఎత్తుకు కొలత వేసింది. రాజ్యం ఎత్తుకు కంచె వేసింది. తిరుగుబాటు ఎత్తును వదిలి లోతును పట్టుకుంది. మూడింటిలోనూ కొండ కొండే. మారింది కొండకూ జనానికీ మధ్యనున్న సంబంధం.

6

ఇక మన నేల. మన కొండల మీద మొదటినుంచీ ఇద్దరే కాపురం: దేవుడూ, దొరా. తిరుమల, సింహాచలం ఒక వైపు. కొండవీడు, కొండపల్లి, గండికోట, గోల్కొండ ఒక వైపు. పైనుంచి గంటో నగారానో మోగితే కింద ఊరు లేచేది, పన్ను కట్టేది. కింది జనానికి ఉన్న దూరపు కొలత మాత్రం కూతవేటు. మనిషి గొంతు ఎంతదూరం పోతే అంత. ఆ కూతవేటు దాటి మాట పోవాలంటే చాటింపు. దండోరా వేసే పని దళితులది. డప్పు వాళ్లది, చేతులు వాళ్లవి, గొంతు వాళ్లది. చాటే మాట మాత్రం దొరది.

రేడియోకు ఆకాశవాణి అనే పేరు పెట్టుకున్నాం. పురాణాల్లో ఆకాశవాణికి శరీరం లేదు. ఎవరు పలికారో, ఎక్కణ్ణించి పలికారో కంసుడికి కనపడలేదు. ఆ పేరు ఎంత అందమైనదైనా, మాటకు ఒక చోటుందనీ, ఆ చోటికి యజమాని ఉన్నాడనీ మరిపించే పేరు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పటినుంచి చాలాకాలం మన వినికిడి మీడియం వేవ్ వినికిడే, పల్లపు నేలల వినికిడే. మన దేశంలో ఎఫ్.ఎం. 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. కొండ ఎక్కితే ఎంత అందుతుందో చెప్పడానికి తమిళనాడులో కొడైకెనాల్ ఎఫ్.ఎం. ఉంది, కొండమీద ఒక్క కేంద్రం దక్షిణ జిల్లాల మైదానాలకు వినపడుతుంది.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు రేడియో అలలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రజల ఆస్తిని ఆ తర్వాత ఎలా పంచారో చూడండి. నగరాల జాబితా వేసి వేలం పాడారు. కొన్నవాడు సినిమా పాటలూ ప్రకటనలూ వేసుకున్నాడు. ప్రజలకు మిగిలింది సామాజిక రేడియో. 2006 నిబంధనలు దాన్ని స్వచ్ఛంద సంస్థలకూ ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. శక్తి సాధారణంగా 100 వాట్లకు మించరాదు. స్తంభం ఎత్తు నేలనుంచి 30 మీటర్లకు మించరాదు. సొంత వార్తలు చెప్పరాదు.

30 మీటర్లకు లెక్క మీరే వేసుకోండి. వర్గమూలం ఐదున్నరకు కొద్దిగా తక్కువ, 4.12తో గుణిస్తే 22 కిలోమీటర్లు దాటి 23 లోపు. ప్రజల ఆస్తిలో ప్రజల కూతవేటు ఇదీ అని గెజెట్‌లో రాసిచ్చారు.

జహీరాబాదు ప్రాంతంలో మాచ్‌నూరు అనే ఊరుంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల చివరికే యునెస్కో సహాయంతో రేడియో కోసం భవనం, పరికరాలు సమకూర్చుకున్నాయి. అనుమతి రాలేదు. పదేళ్లపాటు కార్యక్రమాలు క్యాసెట్లలో నింపి సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపేవాళ్లు దళిత స్త్రీలు. మాట్లాడేవి జొన్నలు, సజ్జలు, విత్తనాలు, మందులు, బతుకు పాటలు. మాట్లాడే భాష ఆ ఊళ్ల భాష.

ఈ స్తంభం ఏ కొండా ఎక్కలేదు.  కాని ఒక తేడా గమనించాలి. మౌంట్ వాషింగ్టన్ స్తంభం కిందనున్న నాలుగు రాష్ట్రాల జనం వినేవాళ్లు మాత్రమే. ఈ 30 మీటర్ల స్తంభం కిందనున్నవాళ్లు వినేవాళ్లూ, పలికేవాళ్లూ. తరతరాలుగా ఇతరుల ఆజ్ఞకు గొంతు అరువిచ్చిన వాళ్లు తమ మాటకు తమ గొంతు పెట్టుకున్నారు. దీన్ని చూసి మురిసిపోయి ఊరుకుంటే మనం మళ్లీ భావవాదంలో పడతాం. చిన్న స్తంభమే అందం, చిన్న గొంతే ప్రజాస్వామ్యం అని పాడుకుంటే, ఎత్తంతా వేలం పాడుకున్నవాడికీ రాజ్యానికీ వదిలేసినట్టే. సి.బి.ఎస్. ప్రతిపాదన కూడా ఒకప్పుడు ఇలాగే అందంగా వినపడింది. ఊరి గొంతు ఊరికే చాలుననే వాదన ఎప్పుడూ పైనున్నవాడే చేస్తాడు. మాచ్‌నూరు స్త్రీ జొన్న గురించి చెప్పే మాట అనంతపురానికీ శ్రీకాకుళానికీ ఎందుకు వినపడకూడదు? దానికి సమాధానం భౌతికశాస్త్రంలో లేదు. ఆ ఎత్తులు మన దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు మాట ఉపగ్రహాల మీదికీ సెల్‌ఫోన్లలోకీ పోయింది గదా, ఇంకా కొండలెందుకని విద్యార్థులు అడుగుతారు. సెల్‌ఫోను స్తంభం కూడా ఏదో ఎత్తు ఎక్కే నిలబడింది. కొండ మడతలో ఉన్న గూడేనికి అది ఎందుకు అందడం లేదంటే, అక్కడ కొనేవాళ్లు తక్కువని కంపెనీ లెక్క. ఎత్తు మారింది, యజమాని మారాడు, లెక్క మారలేదు.

సాహిత్య విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే. ఒక రేడియో నాటికను గురించి రాసేటప్పుడు అందులో పాత్రల్ని, సంభాషణల్ని, ధ్వనుల్ని పరిశీలించండి, తప్పక పరిశీలించండి. దానితోబాటు అది ఏ స్తంభంనుంచి వచ్చింది, ఎన్ని కిలోవాట్లు, ఎంత ఎత్తు, ఏ జిల్లాల్లో వినపడింది, ఏ తండాలో వినపడలేదు అన్నది కూడా ఒక పేరా రాయండి. ఆ వివరాలు కవిత్వం కావు, వాటిని సేకరించడం విసుగు పని కూడా. కాని రచయిత ఎవరికోసం రాశాడన్న ప్రశ్నకు, అది ఎవరిదాకా చేరిందన్న సమాధానం లేకుండా మన విమర్శ సగమే. మిగిలిన సగం ఆ స్తంభాల దగ్గర ఉంది.